సంయుక్త ఆకారాల ద్రవ్యరాశి, కేంద్రభాసం: రాతి ఆనకట్ట అడ్డుకోత ఆధారంగా స్థితిశాస్త్ర వివరణ

వ్యాససంగ్రహం:
స్థితిశాస్త్రంలో సంయుక్త ఆకారాల ద్రవ్యరాశిని, కేంద్రభాసాన్ని కనుగొనే పద్ధతిని తెలుగులో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. కేంద్రభాసం, ద్రవ్యరాశి కేంద్రం, గరిమనాభి అనే మూడు పదాల మధ్య భేదాన్ని ముందుగా నిరూపించి, భ్రామక సూత్రాన్ని కావడి వంటి పరిచిత ఉదాహరణలతో వివరించి, ఆ తరువాత రాతి ఆనకట్ట అడ్డుకోతను పోలిన ఒక సరళ నమూనాపై పూర్తి లెక్కను చూపడం జరిగింది. నాగార్జునసాగర్ ఎడమకాలువ ప్రాంతమైన కోదాడ, అనంతగిరి, మిర్యాలగూడ పరిసరాలు ఈ వివరణకు నేపథ్యం. కట్టడం భద్రత దాని బరువు మీద మాత్రమే కాక, ఆ బరువు పనిచేసే స్థానం మీద ఆధారపడుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: స్థితిశాస్త్రం, సంయుక్త ఆకారం, ద్రవ్యరాశి, కేంద్రభాసం, గరిమనాభి, భ్రామకం, భారిత సగటు, ఆనకట్ట, మధ్య తృతీయాంశం.

1. ఉపోద్ఘాతం:

సూర్యాపేట జిల్లాలోని అనంతగిరి మండలం కోదాడకు సమీపంలో ఉంది. కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ ప్రాంతాల వరిసాగుకు ప్రధాన ఆధారం నాగార్జునసాగర్ ఎడమకాలువ. లాల్ బహదూర్ కాలువ అన్నది దీని అధికారిక నామం. ఈ కాలువకు నీరందించే ఆనకట్టకు 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీటిని విడుదల చేశారు. రాయి, సిమెంటు మాలుతో కట్టిన భాగం పొడవు సుమారు 1450 మీటర్లు. పునాది అడుగు నుంచి ఎత్తు సుమారు 124 మీటర్లు. 26 గేట్లున్న ఈ కట్టడం రాతితో నిర్మించిన ప్రపంచ ఆనకట్టల్లో అతిపెద్దవాటిలో ఒకటి.

ఇటువంటి ఆనకట్టను ‘గురుత్వ ఆనకట్ట’ అంటారు. నీటి తోపుడును అది తన సొంత బరువుతోనే ఎదుర్కొంటుంది. అందువల్ల దీని రూపకల్పనలో రెండు ప్రశ్నలు తప్పనిసరిగా ఎదురవుతాయి. ఒకటి: ఈ కట్టడం బరువు ఎంత? రెండు: ఆ బరువు ఏ బిందువు గుండా పనిచేస్తుంది? మొదటిది ద్రవ్యరాశికి, రెండవది కేంద్రభాసానికి సంబంధించినవి. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో యాంత్రికశాస్త్రం చదివే విద్యార్థి ఈ రెండు ప్రశ్నలనూ పాఠ్యాంశంగా ఎదుర్కొంటాడు. తెలుగు మాధ్యమం నుంచి ఆంగ్ల మాధ్యమంలోకి అడుగుపెట్టిన విద్యార్థికి సూత్రం కంఠస్థమైనా భావన పట్టుబడకపోవచ్చు. ఆ భావనను తెలుగులోనే స్థిరపరచుకోవడం సాధ్యమేనని నిరూపించవలసిన అవసరం ఉంది.

2. మూడు పదాలు – మూడు భావనలు:

తెలుగు పాఠ్యగ్రంథాల్లో ఈ విషయానికి సంబంధించి పలు పదాలు వ్యవహారంలో ఉన్నాయి. పాఠశాల గణితంలో త్రిభుజ మధ్యగత రేఖలు కలిసే బిందువును ‘గురుత్వ కేంద్రం’ అంటున్నారు. ఇంటర్మీడియట్ గణితంలో అదే బిందువు ‘కేంద్రభాసం’. భౌతికశాస్త్రంలో ‘ద్రవ్యరాశి కేంద్రం’, ‘గరిమనాభి’ అనే పదాలు కనిపిస్తాయి. వీటిని పర్యాయపదాలుగా భావించడం వల్ల సందిగ్ధత ఏర్పడుతోంది. నిజానికి ఇవి మూడు వేర్వేరు భావనలు.

కేంద్రభాసం: ఇది కేవలం ఆకారానికి సంబంధించినది. వైశాల్యం లేదా ఘనపరిమాణం ఎలా పరచుకొని ఉందో దాని సగటు స్థానాన్ని తెలుపుతుంది. ఆ ఆకారం అట్టతో చేసినదా, ఇనుముతో చేసినదా అన్నది దీనికి అనవసరం.

ద్రవ్యరాశి కేంద్రం: ఇది పదార్థానికి సంబంధించినది. ఒకే ఆకారంలో ఒక పక్క ఇనుము, మరొక పక్క కర్ర ఉంటే ద్రవ్యరాశి కేంద్రం ఇనుము వైపు జరుగుతుంది. కేంద్రభాసం మాత్రం కదలదు.

గరిమనాభి: ఇది భూమ్యాకర్షణకు సంబంధించినది. వస్తువులోని అన్ని కణాల భారాల ఫలితం ఏ బిందువు గుండా పనిచేస్తుందో అది గరిమనాభి.

వస్తువు అంతటా సాంద్రత ఒకటే అయితే మొదటి రెండూ ఏకీభవిస్తాయి. వస్తువు విస్తరించిన మేర గురుత్వ త్వరణం ఒకటే అయితే చివరి రెండూ ఏకీభవిస్తాయి. నిత్యవ్యవహారంలోని కట్టడాలకు రెండవ షరతు ఎప్పుడూ వర్తిస్తుంది. మొదటి షరతు అన్నిచోట్లా వర్తించదు. ఈ భేదం లెక్కలో ఎంత తేడా తెస్తుందో అయిదవ భాగంలో తెలుస్తుంది.

‘కేంద్రం’ అనే పదం గ్రీకు మూలం నుంచి సంస్కృత జ్యోతిశ్శాస్త్రం ద్వారా తెలుగుకు చేరింది. ‘భ్రామకం’ సంస్కృతంలోని ‘భ్రమ్’ ధాతువు నుంచి ఏర్పడింది, తిప్పేది అని అర్థం. బలం వస్తువును తిప్పగల సామర్థ్యాన్ని సూచించడానికి ఇది ఎంతో సార్థకమైన పదం.

3. భ్రామకం – భారిత సగటు:

బలాన్ని, ఆధార బిందువు నుంచి ఆ బలరేఖకు గల లంబదూరాన్ని గుణిస్తే భ్రామకం వస్తుంది. ఈ సూత్రం పేరు తెలియకపోయినా కావడి మోసే మనిషికి దాని సారం తెలుసు. ఆరడుగుల బద్దకు ఒక కొనన 10 కిలోలు, మరొక కొనన 20 కిలోలు వేలాడుతున్నాయనుకోవాలి. బద్ద బరువును విస్మరిస్తే, భుజాన్ని నడిమధ్య ఉంచినప్పుడు కావడి బరువైన వైపు మొగ్గుతుంది. అందువల్ల మోసేవాడు భుజాన్ని బరువైన కొన వైపు జరుపుతాడు. తేలిక కొన నుంచి 4 అడుగులు, బరువు కొన నుంచి 2 అడుగుల దూరంలో బద్ద నిలుస్తుంది. 10 × 4 = 40, 20 × 2 = 40. రెండు వైపులా భ్రామకాలు సమానం.

దీనినే మరొక విధంగా చెప్పవచ్చు. తేలిక కొనను మూలబిందువుగా తీసుకొంటే దాని దూరం 0, బరువు కొన దూరం 6. ఒక్కొక్క దూరాన్ని దాని బరువుతో గుణించి, కూడి, మొత్తం బరువుతో భాగిస్తే (10 × 0 + 20 × 6) ÷ 30 = 4. ఇది సాధారణ సగటు కాదు, భారిత సగటు. ఎవరి మాటకు ఎంత బరువుందో అంత విలువనిచ్చే సగటు ఇది. సంయుక్త ఆకారాల లెక్క మొత్తం ఈ ఒక్క సూత్రం మీద ఆధారపడి ఉంది:

కేంద్ర స్థానం = (ప్రతి భాగం ద్రవ్యరాశి × దాని కేంద్ర దూరం) మొత్తం ÷ మొత్తం ద్రవ్యరాశి

ఈ సూత్రాన్ని తిరగేసి కూడా వాడవచ్చు. మిర్యాలగూడ ధాన్యం మిల్లులకు వచ్చే లారీని వేబ్రిడ్జి మీద తూచడం ఇందుకు ఉదాహరణ. ముందు చక్రాలను, వెనుక చక్రాలను విడివిడిగా తూస్తే ముందు 6 టన్నులు, వెనుక 10 టన్నులు వచ్చాయని, రెండు ఇరుసుల మధ్య దూరం 4 మీటర్లని అనుకొంటే, ముందు ఇరుసు నుంచి గరిమనాభి దూరం (6 × 0 + 10 × 4) ÷ 16 = 2.5 మీటర్లు. బస్తాల అమరిక కంటికి కనబడకపోయినా, రెండు తూకాలతో పొడవు దిశలో గరిమనాభి స్థానం తెలిసిపోతుంది.

4. ఆకారాన్ని విడదీయడం:

క్లిష్టమైన ఆకారాన్ని తెలిసిన ఆకారాలుగా విడదీసే పద్ధతి తెలుగు గణిత సంప్రదాయానికి కొత్త కాదు. మహావీరాచార్యుడు 9వ శతాబ్దిలో సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహంలో క్షేత్రగణితం ఒక ప్రధాన విభాగం. యవధాన్యం, మురజం, పణవం, వజ్రం వంటి వస్తువులను పోలిన క్షేత్రాల ఫలాలను కనుగొనే పద్ధతులు అందులో ఉన్నాయి. 11వ శతాబ్దికి చెందిన పావులూరి మల్లన ఆ గ్రంథాన్ని ‘సారసంగ్రహ గణితము’గా తెలుగు చేశాడు. అక్కడ ప్రశ్న క్షేత్రఫలం వరకే పరిమితం. స్థితిశాస్త్రం దానికి ‘ఆ క్షేత్రం ఏ బిందువు దగ్గర తూగుతుంది?’ అనే మరొక ప్రశ్నను జోడిస్తుంది.

విడదీసిన తరువాత ప్రతి మూల ఆకారం కేంద్రభాసం తెలిసి ఉండాలి. దీర్ఘచతురస్రానికి అది కర్ణాలు ఖండించుకొనే బిందువు. పూర్ణవృత్తానికి వృత్తకేంద్రం. అర్ధవృత్తానికి వ్యాసం నుంచి వ్యాసార్ధంలో సుమారు 0.424 వంతు దూరంలో ఉంటుంది. త్రిభుజానికి ఏ భుజాన్ని భూమిగా తీసుకొన్నా, ఆ భూమి నుంచి ఎత్తులో మూడవ వంతు దూరంలో ఉంటుంది.

త్రిభుజానికి మూడవ వంతు ఎందుకు? త్రిభుజాన్ని ఒక భుజానికి సమాంతరంగా సన్నని పట్టీలుగా కోసినట్లు ఊహించాలి. ప్రతి పట్టీ తన మధ్యబిందువు దగ్గర తూగుతుంది. ఆ మధ్యబిందువులన్నీ మధ్యగత రేఖ మీద ఉంటాయి కాబట్టి మొత్తం త్రిభుజం కేంద్రభాసం కూడా ఆ రేఖ మీదే ఉండాలి. మిగిలిన రెండు భుజాలకూ ఇదే వాదం వర్తిస్తుంది. కనుక అది మూడు మధ్యగత రేఖలూ కలిసే బిందువు. ఆ బిందువు ప్రతి మధ్యగతాన్ని 2:1 నిష్పత్తిలో విభజిస్తుంది. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దిలోనే ఆర్కిమెడిస్ ఈ ఫలితాన్ని నిరూపించాడు. ఈ ‘మూడవ వంతు’ను గుర్తుంచుకోవాలి. ఆనకట్ట లెక్కలో ఇది నాలుగుసార్లు ఎదురవుతుంది.

5. ఆనకట్ట అడ్డుకోత: ఒక నమూనా లెక్క:

వివరణ సౌలభ్యం కోసం 30 మీటర్ల ఎత్తున్న ఒక నమూనా ఆనకట్టను తీసుకోవచ్చు. ఇది నాగార్జునసాగర్ వాస్తవ కొలత కాదు. గురుత్వ ఆనకట్టల సాధారణ రూపాన్ని అనుసరించిన సరళ నమూనా మాత్రమే. ఎగువ ముఖం నిట్టనిలువుగా ఉంటుంది. పై వెడల్పు 6 మీటర్లు, అడుగు వెడల్పు 24 మీటర్లు. దిగువ ముఖం వాలుగా ఉంటుంది. ఈ అడ్డుకోతను నిలువు గీతతో కోస్తే 6 × 30 కొలతల దీర్ఘచతురస్రం, 18 మీటర్ల భూమి, 30 మీటర్ల ఎత్తు గల లంబకోణ త్రిభుజం ఏర్పడతాయి. ఎగువ ముఖం అడుగు అంచును మూలబిందువుగా తీసుకోవాలి.

| భాగం | వైశాల్యం (చ.మీ.) | అడ్డు దూరం (మీ.) | నిలువు దూరం (మీ.) | వైశాల్యం × అడ్డు దూరం | వైశాల్యం × నిలువు దూరం |
|---|---|---|---|---|---|
| దీర్ఘచతురస్రం | 180 | 3 | 15 | 540 | 2700 |
| త్రిభుజం | 270 | 12 | 10 | 3240 | 2700 |
| మొత్తం | 450 | – | – | 3780 | 5400 |

త్రిభుజం అడ్డు దూరం 12 ఎలా వచ్చిందో గమనించాలి. దాని నిలువు భుజం మూలబిందువు నుంచి 6 మీటర్ల దూరంలో ఉంది. అక్కడి నుంచి 18లో మూడవ వంతు 6. రెండూ కలిపితే 12. మూడవ వంతును నిలువు భుజం వైపు నుంచి కొలవాలి, వాలు కొన నుంచి కాదు.

కేంద్రభాసం అడ్డు దూరం 3780 ÷ 450 = 8.4 మీటర్లు. నిలువు దూరం 5400 ÷ 450 = 12 మీటర్లు. రాతికట్టు సాంద్రతను ఘనమీటరుకు 2.4 టన్నులుగా తీసుకొంటే, ఆనకట్ట పొడవులో ప్రతి మీటరుకు ద్రవ్యరాశి 450 × 2.4 = 1080 టన్నులు.

5.1 తీసివేత పద్ధతి: ఇదే ఫలితాన్ని మరొక మార్గంలో సరిచూడవచ్చు. 24 × 30 కొలతల పూర్తి దీర్ఘచతురస్రం నుంచి దిగువ వైపు పైభాగంలోని 270 చదరపు మీటర్ల త్రిభుజాన్ని తొలగించినట్లు భావించాలి. పూర్తి దీర్ఘచతురస్రం వైశాల్యం 720, కేంద్రభాసం అడ్డు దూరం 12. తొలగించిన త్రిభుజం కేంద్రభాసం అడ్డు దూరం 18. (720 × 12 – 270 × 18) ÷ 450 = 8.4. మార్గం మారినా గమ్యం ఒకటే. లేని భాగాన్ని రుణ వైశాల్యంగా పరిగణించడమే ఈ పద్ధతిలోని కీలకం.

5.2 కట్టడంలోని ఖాళీ: ఆనకట్టల లోపల ఊటనీటిని బయటకు పంపడానికి, తనిఖీకి గ్యాలరీలను ఏర్పాటు చేస్తారు. మూలబిందువు నుంచి అడ్డంగా 4 మీటర్లు, నిలువుగా 5 మీటర్ల దూరంలో కేంద్రం ఉండేటట్లు 2 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గల గ్యాలరీ ఉందనుకొంటే, వైశాల్యం 450 – 6 = 444. కొత్త అడ్డు దూరం (3780 – 24) ÷ 444 = 8.46. నిలువు దూరం (5400 – 30) ÷ 444 = 12.09. కేంద్రభాసం ఖాళీ ఉన్న దిశకు వ్యతిరేకంగా జరిగింది. సమాధానం సరైనదో కాదో తెలుసుకోవడానికి ఈ దిశా పరీక్ష చాలు.

5.3 రెండు పదార్థాలు: దీర్ఘచతురస్ర భాగం ఘనమీటరుకు 2.5 టన్నుల సాంద్రత గల పదార్థంతో, త్రిభుజ భాగం 2.3 టన్నుల సాంద్రత గల పదార్థంతో కట్టారనుకోవాలి. ద్రవ్యరాశులు వరుసగా 450, 621 టన్నులు. మొత్తం 1071 టన్నులు. ద్రవ్యరాశి కేంద్రం అడ్డు దూరం (450 × 3 + 621 × 12) ÷ 1071 = 8.22 మీటర్లు. ఆకారం మారలేదు కాబట్టి కేంద్రభాసం 8.4 దగ్గరే ఉంది. ద్రవ్యరాశి కేంద్రం మాత్రం 18 సెంటీమీటర్లు ఎగువకు జరిగింది. రెండు పదాలను ఒకటిగా భావించిన విద్యార్థి ఇక్కడే పొరబడతాడు.

6. కేంద్రభాసం నుంచి భద్రతకు:

నీరు ఆనకట్ట అంచు వరకు నిండినప్పుడు పీడనం ఉపరితలం దగ్గర సున్న, అడుగున గరిష్ఠం. పీడన పటం ఒక త్రిభుజం. ప్రతి మీటరు పొడవుకు మొత్తం తోపుడు ½ × 30 × 30 = 450 టన్నుల బరువుకు సమానం. అది అడుగు నుంచి ఎత్తులో మూడవ వంతు దగ్గర, అంటే 10 మీటర్ల ఎత్తున పనిచేస్తుంది. ఆనకట్ట ఆకారంలో కనిపించిన త్రిభుజ నియమమే నీటి పీడనంలోనూ వర్తిస్తోంది. తోపుడు భ్రామకం 450 × 10 = 4500.

ఈ తోపుడు, కట్టడం బరువు కలిసిన ఫలిత బలం పునాదిని తాకే స్థానం 8.4 + (4500 ÷ 1080) = 12.57 మీటర్లు. పునాది వెడల్పు 24 మీటర్లు కాబట్టి దాని మధ్య తృతీయాంశం 8 నుంచి 16 మీటర్ల వరకు ఉంటుంది. జలాశయం ఖాళీగా ఉన్నప్పుడు బరువు 8.4 దగ్గర, నిండినప్పుడు ఫలిత బలం 12.57 దగ్గర పనిచేస్తున్నాయి. రెండూ ఆ హద్దుల లోపలే ఉన్నాయి.

మధ్య తృతీయాంశానికి ఇంత ప్రాధాన్యం ఎందుకు? పునాది మీది ఒత్తిడి ఒక అంచున సరిగ్గా సున్న అయినప్పుడు ఒత్తిడి పటం త్రిభుజమవుతుంది. దాని ఫలితం రెండవ అంచు నుంచి మూడవ వంతు దూరంలో పనిచేస్తుంది. ఫలిత బలం అంతకంటె అంచుకు జరిగితే ఎదుటి అంచున తన్యత ఏర్పడుతుంది. రాతికట్టు నొక్కుడును భరించగలదు కాని లాగుడును భరించలేదు. అక్కడ పగులు పుడుతుంది. రాతి ఆనకట్టల రూపకల్పనలో ఈ నియమాన్ని 1872లో రాంకిన్ ప్రతిపాదించాడు.

బరువు ఒక్కటే చాలదనడానికి ఒక పోలిక చూడవచ్చు. అదే 450 చదరపు మీటర్ల అడ్డుకోతను 15 మీటర్ల వెడల్పు, 30 మీటర్ల ఎత్తు గల నిలువు గోడగా కట్టారనుకోవాలి. రాయి అంతే, బరువు అంతే – 1080 టన్నులు. ఫలిత బలం 7.5 + 4.17 = 11.67 మీటర్ల దగ్గర పునాదిని తాకుతుంది. కాని దీని మధ్య తృతీయాంశం 5 నుంచి 10 మీటర్ల వరకే. గోడ ఎగువ అంచున పగులు తప్పదు. ఖర్చయిన రాయిలో తేడా లేకపోయినా, ఒకటి నిలుస్తుంది, మరొకటి ప్రమాదంలో పడుతుంది.

పునాది కింద చేరిన నీరు పైకి నెట్టే ఊర్ధ్వపీడనాన్నీ లెక్కించాలి. ఎగువ అంచున పూర్తి పీడనం, దిగువ అంచున సున్న అని తీసుకొంటే దాని పటం కూడా త్రిభుజమే. మొత్తం ½ × 30 × 24 = 360 టన్నుల బరువుకు సమానం. ఎగువ అంచు నుంచి 24లో మూడవ వంతు, అంటే 8 మీటర్ల దగ్గర పనిచేస్తుంది. అప్పుడు ఫలిత స్థానం (1080 × 8.4 + 4500 – 360 × 8) ÷ 720 = 14.85 మీటర్లు. హద్దు అయిన 16కు చేరువైనా, లోపలే ఉంది. ఈ పీడనాన్ని విస్మరించడం ఎంతటి అనర్థానికి దారితీస్తుందో చరిత్రలో నమోదై ఉంది. ఫ్రాన్స్‌లోని బూజే రాతి ఆనకట్ట 1895 ఏప్రిల్ 27న తెగిపోయి ఎనభై మందికి పైగా మరణించారు. దాని రూపకల్పనలో ఊర్ధ్వపీడనాన్ని లెక్కించలేదు. ఆ తరువాతనే ఈ అంశం ఆనకట్టల రూపకల్పనలో ప్రాధాన్యం సంతరించుకొంది. ఆనకట్టల్లో గ్యాలరీల ద్వారా ఊటనీటిని తొలగించడంలోని ఆంతర్యం కూడా ఇదే. ఖాళీ వల్ల కొద్దిపాటి బరువు తగ్గినా, ఊర్ధ్వపీడనం అంతకంటె ఎక్కువగా తగ్గుతుంది.

వాస్తవ రూపకల్పనలో పునాది మీద జారిపోవడం, భూకంప బలాలు, ఒండ్రు ఒత్తిడి వంటి అంశాలను కూడా పరిశీలిస్తారు. ఆ పరిశీలనలన్నింటికీ ఆరంభం ద్రవ్యరాశి, కేంద్రభాసాల లెక్కే.

7. బోధనలో గమనించవలసిన అంశాలు:

సంయుక్త ఆకారాల లెక్కల్లో తప్పులు సాధారణంగా గుణకారంలో కాక, అంతకుముందే జరుగుతాయి. ప్రతి భాగం దూరాన్ని ఒకే మూలబిందువు నుంచి కొలవకపోవడం మొదటిది. త్రిభుజంలో మూడవ వంతును ఏ వైపు నుంచి తీసుకోవాలో తేల్చుకోకపోవడం రెండవది. ఖాళీ భాగం వైశాల్యాన్ని తీసివేసి, దాని భ్రామకాన్ని తీసివేయడం మరచిపోవడం మూడవది. భాగాల కేంద్ర దూరాలకు సాధారణ సగటు తీయడం నాల్గవది. పై నమూనాలో 3, 12ల సాధారణ సగటు 7.5 అవుతుంది. ఆ విలువ ప్రకారం ఖాళీ జలాశయం స్థితిలోనే బరువు మధ్య తృతీయాంశం వెలుపల పడుతుంది. సురక్షితమైన కట్టడాన్ని ప్రమాదకరమని తేల్చే తప్పు ఇది. ప్రమాదకరమైనదాన్ని సురక్షితమని తేల్చే తప్పు కూడా ఇంతే సులభంగా దొర్లుతుంది.

ఈ లెక్కను తరగతి గదిలో అట్టముక్కతో సరిచూడవచ్చు. ఒక మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున పై అడ్డుకోతను అట్ట మీద గీసి కత్తిరించాలి. ఒక మూల దగ్గర చిన్న రంధ్రం చేసి మేకుకు వేలాడదీసి, అదే మేకు నుంచి గుండు కట్టిన దారాన్ని వదిలి, దారం వెంట గీత గీయాలి. మరొక మూల నుంచి మళ్లీ ఇలాగే చేస్తే రెండు గీతలు ఖండించుకొనే బిందువే కేంద్రభాసం. అది నిలువు అంచు నుంచి 8.4, అడుగు నుంచి 12 సెంటీమీటర్ల దగ్గర ఉండాలి. కాగితం మీది సంఖ్యను చేతిలోని అట్ట ధ్రువీకరించినప్పుడు సూత్రం మీద విద్యార్థికి నమ్మకం కలుగుతుంది.

8. ముగింపు:

• సంయుక్త ఆకారాల కేంద్రభాసాన్ని కనుగొనడం భారిత సగటు సూత్రానికి అనువర్తనం. ప్రతి భాగానికి దాని ద్రవ్యరాశి లేదా వైశాల్యం మేరకే విలువ లభిస్తుంది.
• కేంద్రభాసం ఆకారానికి, ద్రవ్యరాశి కేంద్రం పదార్థానికి, గరిమనాభి భారానికి సంబంధించినవి. తెలుగు పాఠ్యగ్రంథాలు ఈ మూడింటినీ అన్ని తరగతుల్లో ఒకే నిర్వచనంతో వాడటం అవసరం.
• త్రిభుజపు మూడవ వంతు నియమం ఆనకట్ట ఆకారంలో, నీటి పీడనంలో, ఊర్ధ్వపీడనంలో, పునాది ఒత్తిడిలో ఒకే రీతిగా పనిచేస్తుంది. ఒక్క భావన పట్టుబడితే నాలుగు లెక్కలు సులభమవుతాయి.
• ఒకే బరువు గల రెండు అడ్డుకోతల్లో ఒకటి నిలిచి, మరొకటి ప్రమాదానికి లోనుకావచ్చు. కట్టడాన్ని నిలిపేది బరువు మాత్రమే కాదు, ఆ బరువు ఉన్న చోటు కూడా.
• ఈ లెక్కను తెలుగులో చెప్పడానికి అవసరమైన పదజాలం తెలుగులో ఉంది. కాలువ నీటితో పంట పండించే ప్రాంతపు విద్యార్థికి ఆ నీటిని నిలిపిన రాతిగోడ కంటె దగ్గరి పాఠ్యోదాహరణ మరొకటి లేదు.